కార్డుల పోరునందు దెబ్బల లెక్క

మన పాఠశాలలో ఈ యేడు విద్యార్థులు మిక్కిలి ఆసక్తితో ఆడుచున్న కార్డుల యాట యొకటి కలదు. దానిని నిషేధింపవలెనని కొందఱు పెద్దలును, చూచియు చూడనట్లుండుట మేలని మఱికొందఱును తలంచుచున్నారు. నా యభిప్రాయము ఈ రెండింటికిని భిన్నము. ఆ యాటలో పోరు ఎట్లు నడచునో, దెబ్బలు ఎట్లు లెక్కింపబడునో తెలిసికొనిన పిమ్మటనే దానిని గూర్చి తీర్పు చెప్పవలయును. తెలిసికొనినవారు నిషేధమును కోరరని నా నమ్మకము. అందువలన చదువరులు కొంచెము ఓపిక వహించి ఆ నియమములను నాతో కూడ పరిశీలింప ప్రార్థించుచున్నాను.

కార్డులనగానే పెద్దలకు పేకముక్కలు జ్ఞప్తికి వచ్చును. పేకముక్కలతోపాటు పందెములును, పందెములతోపాటు అప్పులును జ్ఞప్తికి వచ్చును. ఆ భయము అకారణమైనది కాదు. పత్తాలాటలో పొలము పోగొట్టుకొన్నవారి కథ వినని యూరు మన సీమలో అరుదు. కాని కత్తి దొంగ చేతిలోను ఉండును, వైద్యుని చేతిలోను ఉండును. చేతిలోనిది అట్టముక్క యగుటచేతనే అది జూదము కానేరదు.

ఈ యాట పేరు మ్యాజిక్: ది గ్యాదరింగ్. రిచర్డ్ గార్ఫీల్డ్ అను అమెరికా దేశపు గణితశాస్త్ర పండితుడు దీనిని కల్పించెను. విజర్డ్స్ ఆఫ్ ది కోస్ట్ అను సంస్థవారు 1993 ఆగస్టులో దీనిని ప్రకటించిరి. పేకలో అందఱికిని ఒకే కట్ట. ఇందులో ఎవరి కట్ట వారిదే. వేలకొలది కార్డులలోనుండి ఆటగాడు తనకు వలసినవాటిని ఏరుకొని, సామాన్యముగా 60 కార్డులకు తక్కువ కాకుండ కట్ట కూర్చుకొని, ఎదిరితో తలపడును. కొన్ని కార్డులు భూములు; వాటివలన శక్తి లభించును. ఆ శక్తిని వ్యయపఱచి ప్రాణులను బరిలోనికి దింపుదురు, మంత్రములను ప్రయోగింతురు. ఇరువురికిని ఆరంభమున 20 ప్రాణాంకములుండును. ఎవని యంకములు సున్న యగునో వాడు ఓడినట్లు.

మన వద్దకిది వచ్చిన విధము వింతగా నున్నది. తొమ్మిదవ తరగతి బాలు డొకనికి అమెరికాలో నున్న మేనమామ సెలవులకు వచ్చుచు ఒక పెట్టె తెచ్చి యిచ్చెను. పెట్టెలోని కార్డులు ఇద్దఱికి చాలును, ఆడగోరువారు ఇరువదిమంది. తక్కినవారు పాత శుభలేఖలను సమముగా కత్తిరించి, వెనుకటి తెల్లవైపున బొమ్మలు గీసి, అంకెలు వేసి, తమకు కావలసిన కార్డులను తామే చేసికొనిరి. పెండ్లిండ్ల కాలము గడచిన పిమ్మట నేలకొండపల్లిలో అట్టలకు కొదువ లేదు గదా! ఇట్లు చేసిన ఎలుగుబంటి కార్డు వెనుక వధూవరుల నామధేయములు, ముహూర్తసమయము చదువుకొనవచ్చును.

ఇక పోరు మాటకు వత్తును. మనకు పరిచితములైన ఆటలలో కొట్టినవాడు కొట్టును, కొట్టబడినవాడు పోవును. పులిజూదమును చూడుడు. సామాన్యముగా మూడు పులులు, పదునైదు మేకలు. పులి మేకమీదుగా దుమికి ఆవలి కాళీ స్థానమున దిగినచో మేక చచ్చును. పులికి వెండ్రుకయైన ఊడదు. మేకలు పులిని చంపలేవు. కదలకుండ కట్టివేయగలవు, అంతే. చదరంగమునను నియమ మిట్టిదే: బంటు ఏనుగును చంపవచ్చును, చంపిన బంటు ఆ యింట నిశ్చింతగా నిలుచును. దాడికి మూల్యము తరువాతి యెత్తున చెల్లించిన చెల్లింతురేమో గాని, దాడియందే చెల్లింపరు.

1990 తరువాతి సంవత్సరములలో మన పట్టణములందు బాలురను ఉఱ్ఱూతలూగించిన కుస్తీవీరుల ట్రంపు కార్డులు చాలమందికి జ్ఞాపకముండును. ఎత్తు, బరువు, స్థానము మొదలగు అంకెలు వాటిపై నుండెడివి. ఒకడు ఒక యంశమును పేర్కొనును. ఎవని యంకె మేలైనదో వాడు ఎదిరి కార్డును లాగుకొనును. అదియు పోరే, కాని రెండంకెలలో పెద్దదేదో చెప్పుటకు మించిన పని బుద్ధికి లేదు. ఆ కార్డులను నేను నిందింపను. నాతోడి యుపాధ్యాయు లొకరు తాము దశాంశ భిన్నములను పోల్చుట వాటివలననే నేర్చితిమని చెప్పుదురు.

మ్యాజిక్ ఆటయందలి ప్రాణి కార్డునకు క్రింది మూలను రెండంకెలుండును. మొదటిది బలము; అది ఎన్ని దెబ్బలు కొట్టగలదో చెప్పును. రెండవది ఓర్పు, ఒక వరుసలో ఎన్ని దెబ్బలు తగిలిన చచ్చునో చెప్పును. మన బాలురు వీనిని పవర్, టఫ్‌నెస్ అనియే యందురు. 1993 నాటి మొదటి కూర్పులోనే యున్న గ్రిజ్లీ బేర్స్ అను ఎలుగుబంట్ల కార్డునకు బలము 2, ఓర్పు 2. హిల్ జయంట్ అను కొండ రాకాసికి 3, 3. క్రా వర్మ్ అను మహాసర్పమునకు బలము 6, ఓర్పు 4. వాల్ ఆఫ్ స్టోన్ అను రాతిగోడకు బలము సున్న, ఓర్పు 8. అది ఎవరిమీదికిని పోలేదు, అడ్డు నిలుచుటకే యున్నది.

తన వంతు వచ్చినపుడు ఆటగాడు తన ప్రాణులలో దేనిదేనిని దాడికి పంపునో ముందుగా ప్రకటింపవలెను. ఆ వంతునందే బరిలో దిగిన ప్రాణి సామాన్యముగా దాడికి పోరాదు. పోవునది అడ్డముగా త్రిప్పబడును, అనగా అలసినది. అలసిన ప్రాణి, తన యజమానునికి మరల వంతు వచ్చి నిలువుగా త్రిప్పబడువఱకు, శత్రువున కడ్డు నిలువజాలదు. దాడికి పంపిన ప్రతి ప్రాణియు ఇంటి కావలిని విడిచి పోయినట్లే. చిన్న తరగతుల పిల్లలు మొదట ఈ నియమముచేతనే దెబ్బతిందురు: ఉన్నవన్నియు ఉత్సాహముతో పంపుదురు, మఱుసటి వంతున వాకిలి తెఱచి యుండును.

నాకు ముఖ్యముగా నచ్చిన నియమము దీని తరువాతిది. దాడి చేయువాడు ఎదిరి ప్రాణులలో దీనిని కొట్టుదునని ఏరుకొనలేడు. అతడు ఎదిరి ఆటగానిమీదికి పంపును, అంతే. ఏ ప్రాణి ఏ ప్రాణికి అడ్డు నిలుచునో, అసలు నిలుచునో నిలువదో, నిర్ణయించువాడు రక్షించుకొనువాడు. ఒక దాడిప్రాణికి ఒకటి నిలువవచ్చును, రెండు మూడు కలిసి నిలువవచ్చును. ఏదియు నిలువకున్న ఆ ప్రాణి బలమంతయు ఆటగాని ప్రాణాంకములనుండి తీసివేయబడును. పులిజూదమున మేకను ఏరుకొనునది పులి. ఇచ్చట పులికి ఎదురు నిలుచువానిని మందయే నిర్ణయించును. బలహీనునికి ఇంత యధికార మిచ్చిన యాట నా యెఱుకలో వేఱొకటి లేదు.

అడ్డు నిలిచిన పిమ్మట దెబ్బలు. ఇవి ఏకకాలమున తగులును. ముందు నేను, తరువాత నీవు అనుట లేదు. కొండ రాకాసి దాడికి రాగా ఒక ఎలుగు నిలిచిన యెడల, రాకాసి మూడు దెబ్బలు కొట్టును, ఎలుగు అదే క్షణమున రెండు కొట్టును. ఎలుగు ఓర్పు రెండే గనుక చచ్చును. రాకాసి ఓర్పు మూడు గనుక బ్రతుకును. రెండెలుగులు కలిసి నిలిచిరేని రాకాసికి నాలుగు దెబ్బలు తగిలి చచ్చును. దాని మూడు దెబ్బలను రెండెలుగులకు పంచు అధికారము దాని యజమానునిది: రెండు ఒకదానికి వేసి దానిని చంపవచ్చును, మిగిలిన ఒకటి రెండవదానికి వేయవచ్చును. మహాసర్పమునకు రెండెలుగులు నిలిచిన యెడల నాలుగు దెబ్బలకు సర్పము చచ్చును, దాని యారు దెబ్బలతో ఎలుగులు రెండును చచ్చును. బరిలో మిగులునది శూన్యము. ఒక బాలుడు ఈ ఫలమును చూచి, గెలిచినవా డెవడని నన్నడిగెను. కట్టలో మిగిలిన కార్డులను చూచి చెప్పవలెనంటిని.

ఈ ఏకకాలనియమము మూలముననే ఆడువాడు దాడికి ముందు లెక్క కట్టక తప్పదు. కొట్టినంతమాత్రమున క్షేమము లేదు. నేను కొట్టగా నాకేమి తగులును, ఎవరెవరు కలిసి అడ్డు నిలువగలరు, వారు నిలిచిన నేను ఎన్ని పోగొట్టుకొందును, నిలువకున్న వాని ప్రాణాంకము లెన్ని తగ్గును, అట్లు తగ్గింపబోయి నా వాకిట నెవ్వరు మిగులుదురు అని, మాట పలుకకముందే అయిదాఱు లెక్కలు మనస్సున జరుగవలెను. తరగతిలో కూడిక తీసివేతలకు నిద్రపోవు బాలుడు ఇచ్చట కన్నార్పక లెక్కించుట నేను చూచితిని. ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో మాకు చెప్పిన బోధనాపద్ధతులలో ఇంత త్వరగా ఫలించినది నాకు జ్ఞప్తికి రాదు.

ఏకకాలనియమమునకు మినహాయింపులు కలవు. ఫస్ట్ స్ట్రైక్ అను గుణముగల ప్రాణి ముందుగా కొట్టును. ఆ దెబ్బకు ఎదిరి చచ్చిన యెడల తిరిగి కొట్టుట యుండదు. డెత్‌టచ్ గలదాని దెబ్బ ఒక్కటి తగిలినను ప్రాణి చచ్చును, విషసర్పపు కాటువలె. ట్రాంపుల్ గలది అడ్డు నిలిచినదానిని చంపుటకు చాలినన్ని దెబ్బలు దానికి వేసి, మిగిలినవి వెనుకనున్న ఆటగానికి వేయవచ్చును. ఈ గుణములు లేని ప్రాణికి ఒక్కసారి అడ్డు నిలిచినచో అడ్డు నిలిచినట్లే: నిలిచిన ప్రాణి మంత్రముచేత మాయమైనను ఆ దెబ్బలు ఆటగానికి తగులవు. చిన్న ఎలుగు మహాసర్పమును ఒక వంతు నిలువరించి తాను తప్పించుకొనిపోవు ఉపాయ మిందులో నున్నది.

దెబ్బలు మానుట గూర్చిన నియమము విచిత్రమైనది. ప్రాణికి తగిలిన దెబ్బలు, అవి చంపుటకు చాలకున్న యెడల, ఆ వంతు ముగియగానే తుడిచిపెట్టుకొని పోవును. ఏడు దెబ్బలు తిన్న రాతిగోడ మఱుసటి వంతున కొత్తగోడయే. భద్రాచలము వైపు అడవిపల్లెనుండి వచ్చి మన వసతిగృహమున నుండి చదువుకొను బాలు డొకడు దీనిని ఒప్పుకొనలేదు. అండీ, దెబ్బతిన్న ఎలుగు మఱునాడు మఱింత చెడ్డదగును గాని మంచిది కాదు, అని యతడు వాదించెను. అడవి నెఱిగినవాడు గనుక అతని మాట సత్యము. కాని ఆటకు ఈ నియమము అవసరము. దెబ్బలు నిలిచిపోయిన యెడల ప్రతి కార్డుమీదను గవ్వలో గింజలో పెట్టి లెక్క గుర్తుంచుకొనవలెను. అంతకంటె ముఖ్యముగా, నెమ్మదిగా కొంచెము కొంచెము కొట్టి ఎంతటిదానినైనను చంపవచ్చును. ఇప్పుడట్లు కాదు. ఓర్పు ఎనిమిది గలదానిని చంపవలెనన్న ఒక్క వంతుననే ఎనిమిది దెబ్బలు సమకూర్చవలెను. అనగా పలువురు ఒక్కసారి పూనుకొనవలెను, లేదా పోరువేళ మంత్రమొకటి తోడు కావలెను. ఆటగాని ప్రాణాంకములు మాత్రము అట్లు మానవు. తగ్గినవి తగ్గినట్లే యుండును. ప్రాణికి క్షమ, యజమానునికి జ్ఞాపకము. ఈ భేదము నాకు బాగుగ నచ్చినది.

ఇతర కార్డుల యాటలు వేఱు త్రోవలు త్రొక్కినవి. జపాను దేశమున 1996లో వెలువడిన పోకెమాన్ ఆటలో కొట్టువాడే కొట్టును, ఎదిరి అప్పటికప్పుడు తిరిగి కొట్టడు. దెబ్బలు మానక కార్డుమీదనే నిలుచును. యు-గి-ఓ ఆటలో రెండు ప్రాణులు దాడిభంగిమలో తలపడినచో, తక్కువ బలముగలది నశించి, రెండు బలముల భేదము దాని యజమానుని అంకములనుండి పోవును. బలములు సమానమైన రెండును నశించును. అచ్చట దాడిచేయువాడు ఎదిరిప్రాణిని తానే ఏరుకొనును. వీనిలో ఏదియు చెడ్డదని నేననను. కాని రక్షించుకొనువాని యధికారము, పరస్పర నష్టము, ఈ రెండును ఒక్కచోట నిట్లు కూడినది మ్యాజిక్ ఆటయందే.

ఈ నియమములు పుట్టినది మొదలు ఇట్లే యున్నవని చదువరులు భావింపరాదు. ఆరంభమున అడ్డు నిలిచిన ప్రాణిని ఏ మంత్రముచేతనైనను అడ్డముగా త్రిప్పించినచో అది తిరిగి కొట్టజాలకుండెడిది. 1999లో ఆ నియమమును తొలగించిరి. అదే సమయమున మఱియొకటి చేర్చిరి: దెబ్బలను మొదట ప్రకటించి, తగులుటకు ముందు కొంత వ్యవధి యిచ్చిరి. దానివలన ఒక ప్రాణి తన దెబ్బను ప్రకటించి, ఆ వెంటనే వేఱొక ప్రయోజనమునకై తన్ను తాను బలియిచ్చుకొని బరినుండి తొలగినను, ప్రకటించిన దెబ్బ తగిలియే తీరెడిది. నేర్పరులకిది మహానందము, క్రొత్తవారికి అయోమయము. చచ్చినవాడు వచ్చి కొట్టినట్లుండెను. 2009లో దీనిని రద్దుచేసిరి. పాత యాటగాండ్రు చాల విలపించిరి గాని, పదునాలుగేండ్ల బాలునికి ఒక్క వాక్యమున వివరింపజాలని నియమము పోవుటయే మేలు.

అదే 2009లో వచ్చిన వేఱొక నియమము విషయమున నేను విలపించువారి పక్షము. పలువురు అడ్డు నిలిచినపుడు, ముందెవరిని తరువాతెవరిని కొట్టునో దాడిచేయువాడు అప్పుడే వరుస చెప్పవలెననియు, వరుసలో మొదటిదానికి చంపుటకు చాలినన్ని వేసిన పిమ్మటనే రెండవదానికి వేయవలెననియు నియమించిరి. 2024 నవంబరులో ఫౌండేషన్స్ అను కూర్పుతో పాటు ఆ వరుసను తీసివేసిరి. ఇప్పుడు దెబ్బలు తగులు క్షణమున దాడిచేయువాడు తన యిచ్చవచ్చినట్లు పంచుకొనవచ్చును.

భేదము చిన్నదిగా కనబడును, కాదు. రెండెలుగులు రాకాసికి అడ్డు నిలిచిన సందర్భమునే తీసికొనుడు. రక్షించుకొనువానిచేత జయంట్ గ్రోత్ అను మంత్రము కలదనుకొందము. అది ఒక ప్రాణికి ఆ వంతు ముగియువఱకు బలము 3, ఓర్పు 3 పెంచును. పూర్వము వరుస తెలిసియుండుటచే, అతడు మొదటి యెలుగునకు మంత్రము వేసెడివాడు. దాని ఓర్పు అయిదై, రాకాసి మూడు దెబ్బలును దానిమీదనే వ్యర్థమై, రెండెలుగులును బ్రతికెడివి. ఇప్పుడు ఒక యెలుగునకు మంత్రము వేయగానే దాడిచేయువాడు తన దెబ్బలను రెండవదానిమీదికి త్రిప్పి దానిని చంపును. క్రొత్త నియమము నేర్పుటకు సులభము, నిజమే. ఒక వాక్యము తగ్గినది. కాని రక్షించుకొనువానికి గల నిశ్చయ మొకటి పోయినది. అడ్డు నిలిచినవారిలో ఎవరి కపాయమో ముందుగా తెలియుట న్యాయమని నాకు తోచును. మన బాలురతో ఈ మాట యన్నపుడు వారిలో సగముమంది నన్ను ప్రాచీనుడనిరి. తక్కిన సగము 2009 నాటి పద్ధతిచొప్పుననే యాడుచున్నారు. వారిరువురును తమ పక్షమున చెప్పిన కారణములు వినదగినవి. నియమ మేల యుండవలెను, ఎవరికి లాభము, ఎవరికి నష్టము అని బాలురు వాదించుట నాకు గ్రామసభలోనైనను తఱచుగా వినబడదు.

ఇక జూదము మాట. పెద్దల భయమునకు ఈ యాటలో ఆధారము లేకపోలేదు. అది వారు చూచుచున్న చోట లేదు. 1993 నాటి నియమములలో, ఆటకు ముందు ఇద్దఱును తమ కట్టనుండి ఒక్కొక్క కార్డును చూడక తీసి పందెముగా పెట్టవలెననియు, గెలిచినవాడు రెండును తీసికొనవలెననియు నుండెను. ఆ యాచారమును తరువాత విడిచిరి. పందెమునకు సంబంధించిన కార్డులను పోటీలయందు నిషేధించిరి. విడుచుట మంచిపని. మిగిలినది మూతవేసిన పొట్లము. లోపల నేమున్నదో తెలియక వెల యిచ్చి కొనవలెను. అరుదైన కార్డు దొరకిన దొరకవచ్చును. ఇందు బుద్ధికి పని లేదు. ఆశకు మాత్రమే పని. నిషేధింపదలచినవారు దీనిని నిషేధింపుడు, నేనును చేయెత్తుదును.

మన దేశపు న్యాయస్థానము సైతము ఇట్టి భేదమునే పాటించినది. సికింద్రాబాదునందలి యొక క్లబ్బునకు సంబంధించిన వ్యాజ్యమున 1967లో సుప్రీము కోర్టువారు, రమ్మీ యాట కేవలము అదృష్టముమీద నాధారపడినది కాదనియు, పడిన ముక్కలను జ్ఞప్తియందుంచుకొనుటయు, ఏది యుంచవలెనో ఏది విడువవలెనో నిర్ణయించుటయు నేర్పుతో కూడిన పనియనియు తీర్పు చెప్పిరి. ఆటమూలమున క్లబ్బువా రక్రమలాభము పొందుట వేఱు విషయమనియు ఆ తీర్పునందే కలదు. ఆట వేఱు, ఆటపై నెత్తు సొమ్ము వేఱు.

మన యూరివారికి ఈ భేదము చెప్పుటకు న్యాయస్థానముదాక పోనక్కఱలేదు. విరాటరాజు నగరమిదియే యని మన ప్రాంతపు జనశ్రుతి; విరాటరాజు దిబ్బను చూడనివారు మనలో లేరు. భారతకథలో ధర్మరాజు కంకుభట్టను పేర ఆ రాజుకొలువున జూద మాడించువాడై యుండెను. ఉత్తరగోగ్రహణమున జయవార్త వచ్చినపుడు రాజు జూదమాడుచు కొడుకును పొగడెను. కంకుభట్టు బృహన్నలను పొగడెను. రాజు కోపించి చేతిలోని పాచికలతో అతని ముఖముపై కొట్టగా ముక్కున నెత్తురు కాఱెను. ఆటలోని దెబ్బ వంతు ముగియగానే తుడుచుకొని పోవును. ఆట వెలుపలి దెబ్బకు ద్రౌపది వచ్చి పాత్ర పట్టవలసి వచ్చెను. ఈ కథ తరగతిలో చెప్పి, ఆటలో ఓడి ఎదిరి కార్డులను చింపిన యొక బాలునివైపు నేను చూడలేదు, తక్కినవారందఱును చూచిరి.

కావున పాఠశాలాధికారులకు నా మనవి యిది. ఈ యాటను శుక్రవారము సాయంకాలము గ్రంథాలయపు వరండాలో ఆడనిండు. కొన్న పొట్లములు లోపలికి రానీయవలదు. చేతితో గీసిన కార్డులనే యాడవలెను. కొన్న కార్డులు గల బాలుడును తన కట్టను శుభలేఖల అట్టమీద వ్రాసికొనును. అప్పుడు మేనమామ గలవాడును లేనివాడును సమానులు. పందెము కూడదు. ఒకడు చేసికొన్న కార్డునందు అంకెలు అసలు కార్డునకు సరిగా నున్నవో లేవో పదవ తరగతివారు ఇద్దఱు పరీక్షింపవలెను, ఏలయన నేను చూచిన యొక ఎలుగునకు బలము 12 వ్రాసియుండెను. 2009 నాటి వరుస నియమమా, 2024 నాటి స్వేచ్ఛయా యనునది ఆటకు ముందే ఇద్దఱును ఒప్పుకొనవలెను. బాలికలును చేరగోరుచున్నారు, వారికి వేఱుగా సమయము నియమింపనేల? ఏడవ తరగతి బాలిక యొకతె రాతిగోడలు నాలుగు పెట్టుకొని మూడు వారములుగా నెవరిని లోపలికి రానీయలేదు.

లెక్కలయందు ప్రీతిగల విద్యార్థులకు ఒక ప్రశ్న. నీ ప్రాణాంకములు నాలుగు. నీ బరిలో రాతిగోడ ఒకటి, ఎలుగులు రెండు. ఎదిరి మహాసర్పమును, కొండ రాకాసిని కలిపి నీమీదికి పంపెను. అతని చేత కార్డు ఒకటి కలదు; అది జయంట్ గ్రోత్ కావచ్చును, కాకపోవచ్చును. గోడను సర్పమునకు పెట్టి ఎలుగులు రెండింటిని రాకాసికి పెట్టుదువా? ఎలుగులను సర్పమునకు పెట్టి గోడను రాకాసికి పెట్టుదువా? లేక రాకాసిని విడిచిపెట్టి మూడు దెబ్బలు ఓర్చుకొందువా? మంత్రము ఉన్నచో ఏమగునో, లేనిచో ఏమగునో, రెండు విధములను లెక్క చూపి, కారణముతో వ్రాసి తెచ్చినవారితో మధ్యాహ్న విరామమున వాదించుటకు నేను సిద్ధముగ నున్నాను.